లవీనియా కిరీటంలో అయిదో చెయ్యి

నెదర్ ఆష్‌కాంబ్,
1974 అక్టోబరు 22, మంగళవారం.

తెల్లవారినప్పటి నుంచి సన్నని తుంపర, పడమటి గాలి. పది గంటలకు తెరిపి ఇచ్చింది. ఉల్లిపాయలు జడలల్లి కొట్టంలో దూలానికి వేలాడదీయడం అయింది.

ప్రియమైన మేబెల్ అక్కయ్యకు,

తమ్ముడు రూబెన్ వందనాలు. ఇక్కడ అందరం క్షేమం. న్యూజిలాండులో నువ్వూ బావగారూ మనవరాలూ క్షేమమని తలుస్తాను. ఈ వాక్యం ప్రతిసారీ ఆలోచించకుండా రాసేసేవాణ్ణి. ఈసారి 'క్షేమం' అన్న మాట దగ్గర కలం ఆగింది. ఒంటికి సంబంధించినంత వరకు అది నిజమే. మిగిలింది కింద రాస్తాను. నిలబడి చదవకు, కూర్చుని చదువు.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. నాన్నకు దగ్గు తగ్గింది. డాక్టరు మందు కాదు, తేనె వేసి కాచిన ఆపిల్ కల్లే తగ్గించిందని ఆయన వాదన. ఎనభై ఒకటి వచ్చినా తన బూట్లు తనే తుడుచుకుంటాడు. నేను తుడిస్తే మెరుపు రాదట. నీ గది కిటికీ పక్క పాకే గులాబి బతికే ఉంది. పోయిన నెల గాలికి ఒక కొమ్మ వాలితే కట్టాను. నువ్వు పంపిన ఉన్ని మేజోళ్ళు నాన్నకు సరిపోయాయి.

ఇక వంశవృక్షం. మీ చర్చి ఆడవాళ్ళ సంఘంలో చదవాలి, త్వరగా పంపమని రాశావు. శనివారాలు ఇక్కడి చర్చి పక్కగదిలో కూర్చుని పాత రిజిస్టర్లు చూస్తున్నాను. కొత్త పాస్టరు పెల్హమ్‌గారు పట్నంవాడు, మంచివాడు. టీ తెచ్చి ఇస్తారు, ఇచ్చాక కప్పు పుస్తకానికి దూరంగా జరుపుతారు. జోబ్ తాత తండ్రి పేరు థామస్, గొర్రెల కాపరి. ఆయన తండ్రీ గొర్రెల కాపరే. ఆ పై ఆయనా అంతే. నువ్వు ఆశపడ్డ దొరల రక్తం ఎక్కడా తగల్లేదు.

ఒక్కచోట పొంతన కుదరలేదు. నాన్న బాప్తిస్మం 1893లో. తల్లి పేరు కెజయా అని ఉంది. కెజయా నాయనమ్మ బాప్తిస్మం వెతికి చూస్తే, నాన్న పుట్టే నాటికి ఆవిడకు యాభై రెండేళ్ళు. పాస్టరుగారికి చూపించాను.

"బైబిల్లో శారా తొంభయ్యో ఏట కనింది, రూబెన్," అన్నారాయన నవ్వుతూ.

"శారాకి దేవదూత వచ్చి చెప్పాడండీ. మా నాయనమ్మకి ఎవరు చెప్పారంటారు?"

"అప్పటి పాస్టరు వయసు తప్పు రాసుంటాడులే. మా పాస్టర్ల జాతికి లెక్కలు రావు," అన్నారు. నేనూ అలాగే అనుకుని ఊరుకున్నాను.

నాన్నను అడగలేదు. కెజయా పేరెత్తితే ఏమవుతుందో నీకు తెలుసు. "మా అమ్మ ఒక్కనాడు నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకున్న పాపాన పోలేదు. గొర్రెపిల్లకి పాలు పట్టిన చేత్తోనే నాకూ గిన్నె తోసేది." మనం పుట్టినప్పటి నుంచీ అదే మాట. ఆవిడ సమాధి మీద గడ్డి కోసేది నేనే. ఆయన ఆ వరసలోకే రాడు.

నీ మనవరాలికి చదివి వినిపిస్తానన్నావు గనక కన్నె కిరీటం సంగతి తెలియనివాళ్ళకు చెప్పినట్టు రాస్తాను. మన ఊళ్ళో పుట్టి, పెళ్ళి కాకుండా, మచ్చ లేకుండా పోయిన ఆడపిల్లకు హేజెల్ చెట్టు బద్దలతో కిరీటం అల్లుతారు. దానికి తెల్లకాగితపు పువ్వులు అంటించి, అయిదు కాగితపు చేతి తొడుగులు కడతారు. శవపేటిక ముందు ఇద్దరు పిల్లలు దాన్ని మోసుకెళ్తారు. ఆ తర్వాత మూడు ఆదివారాలు అది చర్చి పడమటి తలుపు దగ్గర, వచ్చేపోయే వాళ్ళ తలల మీద వేలాడుతుంది. ఆ తొడుగులు సవాలు. ఈ పిల్ల నడత మీద ఎవరికైనా మాట ఉంటే ఇప్పుడే అనాలి. ఎవరూ ఏమీ అనకపోతే దాన్ని పై గోడకు ఎక్కిస్తారు. అది తనంతట తాను రాలిపడే దాకా ఎవరూ ముట్టుకోరు. ఎవరైనా అన్నారంటే తీసి కాల్చేస్తారు. అలా కాల్చాక ఆ పిల్ల ఇంటివాళ్ళు ఇక ఊళ్ళో ఉండలేరు.

నాన్న అక్క లవీనియా ఇరవయ్యొకటో యేట ఊపిరితిత్తుల జబ్బుతో పోయింది. ఆవిడ కిరీటం మన బెంచీకి సూటిగా పైన ఉంటుంది. "మా ఇంటి కిరీటం" అంటూ నువ్వు వెబ్ వాళ్ళ పిల్లల్ని ఎంత ఏడిపించేదానివో వాళ్ళింకా మరిచిపోలేదు.

పోయిన నెలాఖర్న దాని తాడు తెగి అది మన బెంచీ మీద పడింది. తీసి చూస్తే బద్దలు పురుగు తినేసి పొడి రాలుతున్నాయి. ఊళ్ళో తడకలల్లేవాణ్ణి నేనొక్కణ్ణే గనక పాస్టరుగారు నాకు అప్పగించారు. కొట్టంలో బల్ల మీద పెట్టి కోడి ఈకతో దుమ్ము దులిపాను. నాలుగు తొడుగులు ఆడమనిషి చేతంత ఉన్నాయి. అయిదోది పువ్వుల చాటున, లోపలివైపు కట్టి ఉంది. కింద నుంచి చూసేవాళ్ళకు కనబడదు. విప్పి అరచేతిలో పెట్టుకున్నాను. నా బొటనవేలు దాని అరచేతిని మొత్తం కప్పేసింది. నడక నేర్చే పిల్లవాడి చెయ్యి.

కాగితం చాలక అలా కత్తిరించారేమో అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. నేను తొందరగా గ్రహించే మనిషిని కాను.

ఆ తొడుగులు కత్తిరించడం పూర్వం నుంచీ కాబ్ వాళ్ళ ఇంటి పని. ఆ ఇంట్లో ఇప్పుడు మిగిలింది ట్రైఫీనా అవ్వ ఒక్కతే. తొంభై నిండాయి. ఆవిడకు చెవుడు. అందుకని లోకానికంతా చెవుడన్నట్టు అరుస్తుంది. ఎలాంటి కాగితం వాడాలో అడుగుదామని వెళ్ళాను.

"ఎవరిదీ? లవీనియాదా?" అంది. "అది మా అమ్మ చేసింది. పువ్వులకి జిగురు కాచింది నేనే. రుచి చూసి మూతి కాల్చుకున్నాను కూడాను."

"ఒక తొడుగు చిన్నగా ఉందవ్వా. కాగితం చాలలేదా?"

"మా ఇంట్లో కాగితానికి కరువేమిట్రా! అది మీ నాన్న చెయ్యి."

మాట చెవిన పడింది, తలకెక్కలేదు. "మా నాన్న చెయ్యేమిటి?"

"ఈనక్ గాడి చెయ్యి! మా వంటింటి బల్ల మీద పరిచి పట్టుకున్నదాన్ని నేను. మా అమ్మ చుట్టూ పెన్సిల్‌తో గీసింది. చక్కిలిగిలి పుట్టి వేళ్ళు ముడిచేసేవాడు వెధవ. జాం రాసిన రొట్టె చూపిస్తే గాని విప్పలేదు."

"అక్క కిరీటంలో తమ్ముడి చెయ్యి ఎందుకవ్వా?"

ఆవిడ నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూసింది. ఆ తర్వాత జాలిగా చూసింది. అదే ఎక్కువ భయపెట్టింది నన్ను.

"ఓరి నాయనా," అంది. "యాభై దాటాయి నీకు. ఇంకా ఎవరూ చెప్పలేదా? లవీనియా వాడికి అక్కేమిట్రా? అమ్మ!"

కూర్చున్నాను. బొగ్గుల తొట్టి మీద కూర్చున్నానని లేచాక తెలిసింది.

అవ్వ చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. ఆ చలికాలమంతా లవీనియాకు జ్వరమని ఇంట్లోంచి కదలనివ్వలేదట. కెజయా నాయనమ్మ మాత్రం ఏప్రను కింద దిండు కట్టుకుని బావికీ బజారుకీ తిరిగిందట. "నెల నెలకీ ఇంకాస్త పెద్ద దిండు మార్చేది, ఆ తెలివి ఉందిలే," అంది అవ్వ. "ఊళ్ళో ఆడవాళ్ళందరికీ తెలుసు. ఆడవాళ్ళకి తెలిసింది మొగుళ్ళకి తెలీదా? పాస్టరు ఒక్కడికే తెలీదు. ఆయనకి చెప్పేదెవరు?"

నువ్వు మొట్టమొదట అడగబోయేది నేనూ అడిగాను. ఎవరని.

"అది చెప్పలేదు. జోబ్ బెల్టు తీసినా చెప్పలేదు. చెప్పకుండానే పోయింది. మనం కనిపెట్టి చేసేదేముంది, వాడూ ఈపాటికి మట్టిలోనే ఉంటాడు."

లవీనియా పోయిన మర్నాడు నాయనమ్మ చంటివాణ్ణి చంకనేసుకుని కాబ్ వాళ్ళింటికి వచ్చిందట. అయిదింటిలో ఒకటి వీడిది కత్తిరించు అందట. అవ్వ వాళ్ళమ్మ అదిరిపోయింది. "కెజయా, మతి పోయిందా నీకు? ఒక్కరి కంటపడితే చాలు, మొత్తం కాల్చేస్తారు. పిల్లా పోయింది, పరువూ పోతుంది" అంది. దానికి నాయనమ్మ అన్న మాట అవ్వ మామూలు గొంతుతో చెప్పడానికి ప్రయత్నించింది, చేతకాలేదు.

"'అది బతికుండగా వీణ్ణి దాని పక్కలో పడుకోనివ్వలేదు నేను. ఇప్పుడైనా ఉండనీ' అంది. అంతే. ఆ మూడు ఆదివారాలూ తలుపు పక్క ఆఖరి బెంచీలో కూర్చుని, బయటికెళ్ళే ప్రతి మొహాన్నీ చూసింది. ఎవడైనా నోరు విప్పితే కరిచేటట్టుంది. ఎవడూ విప్పలేదు. ఆ మూడు వారాలూ ఊరంతా వాన గురించే మాట్లాడుకుంది."

ఇంటికి ఎలా వచ్చానో గుర్తులేదు. నాన్న బల్ల దగ్గర బంగాళాదుంపల చెక్కు తీస్తున్నాడు. ఆ చేతుల వైపు చూడలేకపోయాను.

"ఏమిట్రా మొహం అలా పెట్టావు? ఫీనా ముద్దు పెట్టిందా?"

"లేదు నాన్నా."

"పెట్టించుకోవలసింది. నన్నయితే పద్నాలుగో ఏటే అడిగింది."

చెప్పాలా వద్దా అని ఆ వారమంతా కొట్టుకున్నాను. తల్లి తనను దగ్గరికి తియ్యలేదన్న కోపం మీదే ఆయన ఇన్నేళ్ళు నిలబడ్డాడు. ఈ వయసులో దాన్ని కాళ్ళ కింద నుంచి లాగేస్తే నిలబడతాడా? చెప్పకపోతే తన తల్లి ఎవరో తెలియకుండానే పోతాడు. ఇంతలో పాస్టరుగారు, ఎలాగూ కిందికి వచ్చింది గనక పాత పద్ధతిలో మళ్ళీ మూడు ఆదివారాలు పడమటి తలుపు దగ్గర కడదాం, జనానికి సరదాగా ఉంటుంది అన్నారు. అక్కడ అది తలకు జానెడు ఎత్తున వేలాడుతుంది. చిన్న చెయ్యి ఎవరి కంటైనా పడుతుంది.

నీకు చెప్పకుండా దాటేద్దామనుకున్న మాట ఇక్కడుంది అక్కయ్యా. ఆ చిన్న చెయ్యి నేను తీసేశాను. దాని చోట పెద్ద తొడుగు కత్తిరించి, పాతదానిలా కనబడాలని టీ నీళ్ళలో ముంచి ఆరబెట్టి కట్టాను. చిన్నదాన్ని కాల్చేద్దామని పొయ్యి దాకా వెళ్ళి, కాల్చలేక కోటు లోపలి జేబులో పెట్టుకున్నాను. నాన్నను కాపాడుతున్నాననే అనుకున్నాను. నాయనమ్మ అంత తెగించి కట్టినదాన్ని నేను విప్పుతున్నానని ఆ పూట నాకు తోచలేదు.

రెండు ఆదివారాలు ఏమీ జరగలేదు. మొన్న మూడోది.

ట్రైఫీనా అవ్వ ఎన్నో ఏళ్ళకు చర్చికి వచ్చింది. వాళ్ళమ్మ చేతిపని చూడాలని మేనకోడలి చేత చక్రాల కుర్చీ తోయించుకుని వచ్చింది. ప్రార్థన అయ్యాక పాస్టరుగారు కిరీటం కింద నిలబడి, "పాత ఆచారం ప్రకారం అడుగుతున్నాను. లవీనియా బుల్పిట్ నడత గురించి ఎవరికైనా చెప్పవలసింది ఉందా?" అన్నారు. నాటకంలో వేషం కట్టినంత సంతోషంగా ఉన్నారు. జనం నవ్వారు.

అవ్వ మెడ పైకెత్తి వేలితో లెక్కపెడుతోంది.

"ఇదేమిటే? అన్నీ పెద్దవే ఉన్నాయి. చిన్నదేదీ?"

"అత్తా, మెల్లగా," అంది మేనకోడలు.

"మెల్లగా ఏమిటి? మా అమ్మ పని నాకు తెలీదా? ఇదెవడో టీలో ముంచిన కాగితం! ఒరేయ్ ఈనక్, నీ చెయ్యి ఎవడో కాజేశాడురా!"

మళ్ళీ నవ్వులు. నాన్న కూడా నవ్వాడు. "నా చేతులు రెండూ భద్రంగానే ఉన్నాయి ఫీనా" అంటూ ఎత్తి చూపించాడు.

"అవి కాదురా! మీ అమ్మ కిరీటంలో చెయ్యి!"

నవ్వు ఆగిపోయింది. నాన్న చేతులు ఎత్తినవి ఎత్తినట్టే ఉన్నాయి.

"మా అమ్మకి కిరీటమేమిటి ఫీనా? మా అమ్మకి పెళ్ళయింది."

అవ్వ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. నా వైపు తిరిగి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారేమో, మెల్లగా అడిగింది. "వీడికీ చెప్పలేదూ?"

నాన్న కూడా నా వైపు తిరిగాడు. నేను జేబులోంచి ఆ చిన్న చెయ్యి తీసి ఆయన అరచేతిలో పెట్టాను. ఆయన దాని మీద తన బొటనవేలు ఆనించి చూశాడు.

"చెప్పు ఫీనా," అన్నాడు.

అవ్వ చెప్పింది. దిండు సంగతి, వంటింటి బల్ల, జాం రొట్టె, నాయనమ్మ అన్న మాట, ఆఖరి బెంచీ. మెల్లగానే చెప్పింది గాని, ఆ నిశ్శబ్దంలో చర్చి అంతటికీ వినబడింది. పాస్టరుగారు కిరీటం కింద నుంచి పక్కకు జరిగారు.

"బుల్పిట్‌గారూ, దీన్ని అభ్యంతరం కింద తీసుకోనవసరం లేదు. ఈ కాలంలో..."

"మీరు అడిగారండీ," అన్నాడు నాన్న. "మాట వచ్చింది. ఇక ఊరు చెప్పాలి."

టోపీ చేత్తో పట్టుకుని వెళ్ళి పడమటి తలుపు పక్కన నిలబడ్డాడు. బయటికి వేరే దారి లేదు. ప్రతివాళ్ళూ ఆ కిరీటం కింద నుంచీ, ఆయన ముందు నుంచీ వెళ్ళాలి. ఆయన ప్రతి మొహాన్నీ చూశాడు. కొందరు తలవంచారు, కొందరు టోపీ తాకారు. వెబ్ వాళ్ళ పెద్దాయన, నువ్వు ఏడిపించినవాళ్ళ అన్న, నాన్న ఎదురుగా వచ్చి ఆగిపోయాడు.

"పొద్దుటి నుంచీ మబ్బుగానే ఉంది, ఈనక్," అన్నాడు.

"వానొచ్చేటట్టే ఉంది," అన్నాడు నాన్న.

"రావాలి మరి. నేల ఎండింది." అని వెళ్ళిపోయాడు.

అందరూ వెళ్ళాక నేను నిచ్చెనెక్కాను. టీ కాగితం విప్పేసి, చిన్న చెయ్యి కట్టాను. "బయటివైపుకి కట్టు," అన్నాడు నాన్న కింద నుంచి. అలాగే కట్టి పై గోడకు ఎక్కించాను.

ఇంట్లో ఆయన నన్ను తిడతాడని ఎదురుచూశాను. తిట్టలేదు. బూటు విప్పుతూ, ఒకటి చేతిలో పట్టుకుని అన్నాడు. "అయితే ఆవిడకి కూతురు పోయింది. నేను ఆ గిన్నె దగ్గర కూర్చుని ఆవిడ మొహం చూస్తూ అమ్మలా లేదేమిటా అనుకునేవాణ్ణి. కూతురు పోయిన మనిషి మొహమని నాకెవరూ చెప్పలేదు, రూబెన్."

నిన్న పొద్దున్న తనంతట తనే సమాధుల్లో ఆ వరసలోకి వెళ్ళాడు. నేను గేటు దగ్గరే ఆగిపోయాను. అక్కడ ఆయన ఏం చేశాడో రాయను, నాకు కనబడనంత దూరం.

నీ వంశవృక్షంలో నాన్నకు పైన లవీనియా పేరు రాసుకో. తండ్రి చోటు ఖాళీగా వదిలెయ్యి. సంఘంలో చదవడం చదవకపోవడం నీ ఇష్టం. నాన్నను అడిగాను. "గట్టిగా చదవమను," అన్నాడు.

నిన్న ఆయన సమాధుల దగ్గర నుంచి తిన్నగా ట్రైఫీనా అవ్వ ఇంటికి నడిచాడు. నేను వెనకాలే వెళ్ళాను. కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఫీనా, ఒక్కటి చెప్పు. ఆవిడ నన్ను ఏమని పిలిచేది?"

"లవీనియానా? 'తమ్ముడూ' అనేది. అందరం వినేవాళ్ళం. 'మా తమ్ముడు, మా తమ్ముడు' అంటూ ఎత్తుకు తిరిగేది."

"అది అందరి ముందూ. ఎవరూ లేనప్పుడు ఏమనేది?"

అవ్వ కుర్చీలోంచి ముందుకు వంగింది. చెయ్యి చాపి ఆయన వేళ్ళు పట్టుకుంది.

"నాకెలా తెలుస్తుందిరా ఈనక్? నేనుంటే ఎవరూ లేనట్టు కాదు గదా."

తిరిగి వచ్చేటప్పుడు నాన్న నాకన్నా ముందు నడిచాడు. ఏదో గొణుగుతున్నాడు. దగ్గు మళ్ళీ మొదలైందేమోనని దగ్గరగా వెళ్ళి విన్నాను. దగ్గు కాదు అక్కయ్యా. పేర్లు. తల్లులు చంటిపిల్లల్ని పిలుచుకునే ముద్దుపేర్లు, ఒకదాని తర్వాత ఒకటి, ఆగి, తల అడ్డంగా ఊపి, ఇంకొకటి. ఇది రాస్తుండగా కూడా వంటింట్లోంచి వినబడుతోంది.

ఇట్లు,
ఈసారి నీ జవాబు కోసం తొందరపడుతున్న తమ్ముడు,
రూబెన్